సారీ చెప్పడానికి కనిగిరి దాకా

మా విజయనగరం జిల్లాలో ఇంగ్లీషు చెప్పే టీచర్లం కొందరం కలిసి పిల్లల కోసం ఒక చిన్న పుస్తకం వేద్దామనుకున్నాం. రోజూ నోట్లో నానే ఇరవై ఇంగ్లీషు మాటలు తీసుకుని, ఏ మాట ఎప్పుడు, ఎవరితో, ఎలా వాడాలో ఒక్కో పేజీ రాయడం. మాటలు పంచుకున్నప్పుడు మా స్కూల్లో కొత్తగా చేరినావిడకు 'ప్లీజ్' వచ్చింది, నాకు 'సారీ' వచ్చింది. సులువైనదే దొరికిందని సంబరపడ్డాను. ఆరో తరగతికి ఏటా చెప్పే మాటే కదా. ఒకరు 'సారీ' అంటారు, రెండోవారు 'పర్లేదు' అంటారు. సగం పిరియడు కూడా పట్టదు.

ఆదివారం పొద్దున కాఫీ పక్కన పెట్టుకుని ఉదాహరణలు రాయడానికి కూర్చున్నాను. మొదటి వాక్యం, "నీ వస్తువు నిన్నడగకుండా తీసుకున్నాను, సారీ." రెండో వాక్యం రాలేదు. కాఫీ చల్లారిపోయింది గాని కలం కదల్లేదు. ఆ మొదటి వాక్యం నేను ఒక మనిషికి బాకీ ఉన్నానని చేతికి తెలిసిపోయినట్టుంది.

ఆ మనిషి పేరు కాశింబీ. ఇరవై రెండేళ్ళ క్రితం గుంటూరులో నాతో టీచరు ట్రైనింగు చదివింది. హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది. ఏడాది చివర పిల్లలకు పాఠం చెప్పి చూపించే పరీక్ష ఉండేది, దానికి బొమ్మల అట్టలు మనమే వేసుకోవాలి. నేను బద్ధకించి వేసుకోలేదు. ఆ పొద్దున నా వంతని, కాశింబీ మంచం కింది ట్రంకుపెట్టెలోంచి ఆమె వేసిన ఐదు బొమ్మలూ తీసుకుపోయి నావేనని పాఠం చెప్పి మెప్పు పొందాను. తన వంతు మర్నాడు, వేరే మాస్టారి ముందు కదా, ఎవరికీ తెలియదులే అనుకుని మధ్యాహ్నానికి అక్కడే పెట్టేశాను. మాస్టారు తొందరపడి ఆమె వంతు అదే రోజు సాయంత్రానికి మార్చారు. "పొద్దున పార్వతి చూపించిన బొమ్మలే ఇవి. ఇంకొకరి కష్టం పట్టుకొచ్చి నీదంటావా?" అని అందరి ముందూ కడిగేశారు. కాశింబీ ఒక్కసారి నా వైపు చూసి ఊరుకుంది. నేను మూడో బెంచీలో తల దించుకుని కూర్చున్నాను. ఆ తర్వాత మేం మాట్లాడుకోలేదు.

ఈమధ్య ఒక ట్రైనింగులో ప్రకాశం జిల్లా టీచరు ఒకావిడ కలిసి, కనిగిరిలో ఆడపిల్లల స్కూలుకు కాశింబీ హెడ్‌మిస్ట్రెస్ అని చెప్పింది. రెండు వేల మూడు ఫిబ్రవరి చివర్లో వారం రోజులు సెలవు పెట్టి బయల్దేరాను. దారిలో సారీ అనే మాట ఎక్కడెక్కడ ఎలా వాడుతున్నారో రాసుకుందామని ఒక నోటుబుక్కు కూడా పెట్టుకున్నాను. చెప్పొద్దూ, ఆ నోటుబుక్కు ఒక సాకు. ఎక్కడైనా ధైర్యం చాలకపోతే, పుస్తకం పని మీద వచ్చాననుకుని వెనక్కి తిరగొచ్చని.

గుంటూరు: తుమ్ముతో స్వాగతం

రైలు దిగగానే తుమ్మొచ్చింది. మిరప కోతల కాలం, గాలే ఘాటుగా ఉంది. "ఊరికి కొత్తా అమ్మా?" అన్నాడు రిక్షా అతను. ఏడాదిపాటు ఇక్కడే చదువుకున్నానన్నాను. "అయితే ముక్కు మర్చిపోయినట్టుందిలెండి," అన్నాడు.

మొదటి లాడ్జిలో గుమాస్తా నన్ను పైనుంచి కిందికి చూసి, "సారీ అండి, ఒక్క ఆడమనిషికి రూమివ్వం," అన్నాడు. రెండో చోట గోడకు తాళంచెవులు గుత్తులుగా వేలాడుతుండగానే, "సారీ అండి, ఖాళీల్లేవు." మూడో చోట రూమిచ్చి, డబ్బు తీసుకున్నాక, "సారీ అండి, వేణ్ణీళ్ళు రావు," అన్నారు. మంచం మీద కూర్చుని నోటుబుక్కులో మొదటి మాట రాసుకున్నాను: గుంటూరులో సారీ తప్పు చేసినవాళ్ళు చెప్పరు, పని చెయ్యనివాళ్ళు చెబుతారు.

ఇడ్లీ ప్లేటు ఆరు రూపాయలు. పైన నెయ్యి, ఆ పైన ఇడ్లీ కనిపించనంత కారప్పొడి. కారం తక్కువ వెయ్యమన్నాను. "తక్కువే వేశానండి," అన్నాడు వడ్డించేవాడు, నొచ్చుకుని. మా వైపు కూరలో కారం వేసుకుంటాం, ఇక్కడ కారంలో కూర వేసుకుంటారు. మూడు గ్లాసుల నీళ్ళు తాగి, సిగ్గు లేకుండా ఇంకో ప్లేటు చెప్పాను.

మిర్చి యార్డు చూడకుండా గుంటూరు చూశానంటే ఎవరూ నమ్మరు. ఎటు చూసినా ఎర్రటి బస్తాల వరసలు. వాటిని టిక్కీలంటారు. నేను నోరు తెరుచుకుని దారి మధ్య నిలబడి ఉండగా, వీపున టిక్కీ మోసుకొస్తున్న ఒక పెద్దమనిషి నా భుజాన్ని రాసుకుంటూ పోయాడు. పట్టు తప్పి కిందపడ్డాను. లేచిన ధూళికి వరసగా తుమ్ములు. లెక్క పన్నెండు దాకా పెట్టి మానేశాను.

"ఏందమ్మా, దారికడ్డంగా నిలబడి ఏం జూస్తన్నారు? పని జరిగే చోటు గదా ఇది," అని నన్నే కేకలేశాడు. సారీ మాటే లేదు. నాకూ కోపమొచ్చింది, కాని తుమ్ముతూ పోట్లాడటం కష్టం. అతను బస్తా దించి ఎటో పోయి, కాసేపటికి నిమ్మకాయ సోడా పట్టుకొచ్చాడు.

"తాగండి. కళ్ళు నలపమాకండి. డబ్బులిచ్చా, మళ్ళీ ఇయ్యమాకండి వాడికి."

సోడా అయ్యేదాకా పక్కనే నిలబడి, ఖాళీ సీసా తీసుకుపోయాడు. నోటుబుక్కులో ఏం రాయాలో తోచలేదు. సోడా అని రాసుకున్నాను.

ప్రత్తిపాడు: ఒక గేదె చేసిన నేరం

మర్నాడు బస్సులో పక్క సీటావిడ శివమ్మగారు. అరవై ఏళ్ళుంటాయి. ప్రత్తిపాడు వచ్చేలోపు నా ఊరు, ఉద్యోగం, జీతం, మోకాళ్ళ నొప్పి అన్నీ రాబట్టింది. నేను 'వచ్చీసాను' అన్నప్పుడల్లా ముద్దుగా నవ్వింది. "మధ్యాన్నం బస్సుకి పోదురుగాని, మా కల్లం జూసి పొండి," అని చెయ్యి పట్టుకుని దింపేసింది. మా ఊళ్ళో అయితే భోజనానికి పిలిచేముందు కాస్త మొహమాటపడతాం. ఇక్కడి ఆప్యాయత పోలీసువాళ్ళ వాలకంలో ఉంటుంది.

ఊరి బయట కల్లంలో మిరపకాయలు ఎకరం మేర పరిచి ఉన్నాయి. ఒక వారగా ఆడవాళ్ళు వరసగా కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. రోజుకు నలభై రూపాయలట కూలి. మేం వెళ్ళిన కాసేపటికి సుబ్బులు అనే ఆవిడ వచ్చింది. ఎవరినీ పలకరించకుండా వరస చివర కూర్చుని ఏరడం మొదలెట్టింది. శివమ్మగారు మొహం పక్కకు తిప్పుకుంది. మిగతావాళ్ళు మాటలు ఆపేశారు.

సంగతేమిటని పక్కావిడను గుసగుసగా అడిగాను. మొన్న సుబ్బులు గేదె తాడు తెంపుకుని వచ్చి, ఆరిన కాయ మీద పడి తిరిగిందట. రెండు బస్తాల సరుకు పొట్టుపొట్టయిందట. ఇద్దరూ కేకలేసుకుని మాటలు మానేశారట.

గంటసేపు అలాగే గడిచింది. శివమ్మగారు లేచి, నీళ్ళ చెంబు తీసుకుని, వరస మొదటి నుంచి కాకుండా చివరి నుంచి మొదలెట్టింది. చెంబు సుబ్బులు ముందు పెట్టి, "ఏందే, చెయ్యి ఆడటంలా? ఆ ఏరుడేంది?" అంది.

"నీ కాయే అట్టాగుంది. నేనేం జేసేది," అంది సుబ్బులు, నీళ్ళు తాగుతూ.

అంతే. మళ్ళీ అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలెట్టారు. నాలోని టీచరు ఊరుకోలేదు. "ఆమె సారీ అని ఒక్క మాట అనలేదేమండీ?" అన్నాను.

శివమ్మగారు నన్ను జాలిగా చూసింది. "అంటే పొట్టయిన కాయ కాయవుద్దా టీచరమ్మా? ఈ పూట ఏరిపెడతంది గదా. నోటికేం, అది ఖాళీగానే ఉంటది."

నేనూ ఓ చెయ్యి వేస్తానని కూర్చున్నాను. పావుగంటలో మంచికాయంతా తాలులోకి, తాలంతా మంచికాయలోకి వేశాను. అది చూసుకుని నాలిక కరుచుకుని, మరిచిపోయి అదే చేత్తో కన్ను తుడుచుకున్నాను. ఇక నా గొడవ కల్లమంతా వినపడింది. మజ్జిగతో చేతులు కడిగించి, కంటి మీద తడిగుడ్డ వేసి, నీడన పడుకోబెట్టారు. నేను తప్పుగా ఏరిన కుప్పను సుబ్బులూ శివమ్మగారూ ఎదురెదురుగా కూర్చుని, నన్ను తిట్టుకుంటూ మళ్ళీ ఏరారు. వాళ్ళ స్నేహం కుదుటపడటానికి నేనూ కొంచెం పనికొచ్చానని తృప్తిపడ్డాను.

ఒక కన్ను మూసుకుని ఆలోచించాను. నేను కాశింబీకి ఏం ఏరిపెట్టగలను? ఆమెకు జరిగింది కల్లంలో కాదు, నలభైమంది ముందు. నోటుబుక్కులో ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాసుకున్నాను, ఆమెకు చెప్పడానికి. చదువుకుంటే సెలవుచీటీలా ఉన్నాయి.

చీమకుర్తి: పది మాటల మనిషి

ఒంగోలు దాటి చీమకుర్తి చేరేసరికి మిరప ఘాటు పోయి రాతిపొడి వచ్చింది. ఒక్కో లారీ మీద ఒక్కో బండ, ఇల్లంత. ముందు ఏదో లారీ ఆగిపోయి మా బస్సూ నిలిచింది. టీ కొట్టు ముందు నల్లటి నున్నటి రాతిపలక బల్లలా వేసి ఉంటే హాయిగా కూర్చున్నాను. కూర్చున్నంత వేగంగానే లేచాను. పొద్దుటి నుంచీ ఎండలో కాలిన నల్లరాయి అది. ఊరివాళ్ళంతా కొట్టు నీడన నిలబడి టీ ఎందుకు తాగుతున్నారో అప్పుడర్థమైంది.

నన్ను చూసి నవ్వాపుకోలేక, "సారీ సారీ," అన్నాడు ఒక యువకుడు. ఒళ్ళంతా రాతిపొడి. పక్కవాడితో ఆడుతున్న మాటలను బట్టి ఒరియా అతనని తెలిసింది. మాది ఒరిస్సా పక్క జిల్లా కనుక నాలుగు ముక్కలు నాకూ వచ్చు. పలకరిస్తే పొంగిపోయాడు. రాళ్ళు నునుపుపట్టే పనిలో ఉన్నాడట. వచ్చి మూడు నెలలు.

"తెలుగు ఎంత వచ్చింది?" అన్నాను.

"పది మాటలు. మొదట నేర్చుకున్నది సారీ."

అది తెలుగు మాట కాదన్నాను. ఆశ్చర్యపోయాడు. "ఇక్కడ అందరికీ తెలుసే," అన్నాడు. సూపర్‌వైజరుకు అదే, కిరాణాకొట్టులో అదే, బస్సు కండక్టరుకు అదేనట.

"అన్ని తప్పులు చేస్తావా?"

"తప్పు చెయ్యను. ముందే చెప్పి పెట్టుకుంటాను. తర్వాత ఎవరూ అరవరు."

టీ రెండు రూపాయలు, నన్నివ్వనివ్వలేదు. నేను మాత్రం బస్సెక్కి కిటికీ పక్కన చిన్నబోయి కూర్చున్నాను. ఏ తప్పూ చెయ్యని అతను రోజుకు యాభైసార్లు చెబుతున్నాడు. నేను చేసిన ఒక్కదానికి ఒక్కసారి చెప్పలేకపోయాను. పొదిలి దాకా ఆ నాలుగు వాక్యాలూ బట్టీపట్టాను.

కనిగిరి: ఐదు బొమ్మలు

కనిగిరిలో నేల మారింది. ఎర్రమట్టి, కంది మోళ్ళు, ఊరి వెనకాల కోట ఉన్న కొండ. ఆడపిల్లల స్కూలు హెడ్‌మిస్ట్రెస్ ఇల్లంటే బస్టాండులో మొదటి మనిషే చూపించాడు.

తలుపు తీసింది కాశింబీయే. జుట్టు నెరిసింది, కళ్ళజోడు వచ్చింది, ఆ చూపు మాత్రం అదే. నా పేరు చెప్పబోయాను.

"తెలుసు. రండి, కూర్చోండి," అంది.

ఆ 'రండి' నాకు చెంపదెబ్బలా తగిలింది. ఒకే దుప్పటి కప్పుకుని పడుకున్నవాళ్ళం. మంచినీళ్ళిచ్చింది, ప్రయాణం బాగా జరిగిందా అంది. అటెండరుతోనైనా అంతకంటే చనువుగా మాట్లాడుతుందేమో. ఇక ఆగితే నా ధైర్యం పోతుందని, బట్టీపట్టిన వాక్యాలు మొదలెట్టాను. రెండో వాక్యం దాటలేకపోయాను. మిగతాది తెలుగులో, ఏడుస్తూ, వరస లేకుండా చెప్పాను. చివర సారీ అన్నాను.

కాశింబీ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"ఇప్పుడు నేను పర్లేదు అనాలి గదా? మనం పిల్లలకి అట్టాగేగా నేర్పేది," అంది. "అనను పార్వతీ. ఎందుకు పర్లేదు? ఆ మాస్టారు అన్నన్ని మాటలంటుంటే నోరు మూసుకుని కూర్చున్నావు. ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేది?"

ఇన్నేళ్ళుగా ఆ 'పర్లేదు'ను ఎదుటివాళ్ళు ఇచ్చి తీరాల్సిన చిల్లరలా నేర్పుతూ వచ్చాను. ఆమె తిడుతున్నందుకు బాధ కలిగింది, 'మీరు' పోయి 'నువ్వు' వచ్చినందుకు సంతోషమూ కలిగింది.

"ఆయన తిట్టినందుకు నాకేం కాలేదు. పరీక్షా పాసయ్యా," అంది కాస్త తగ్గి. "ఆ రోజు మా నాయన వచ్చాడు, మర్నాడు నేను పాఠం చెప్పేది చూద్దామని ముందురోజే కొట్టు మూసుకుని. ఆ తిట్లన్నీ అయ్యాక వరండాలో కనపడ్డాడు. బస్సులో కనిగిరి దాకా ఒక్క మాట మాట్లాడలా. ఈనాటి వరకూ ఆ ఊసెత్తలా. కూతురు దొంగ అనుకునే ఉన్నాడు. నేను చెప్తే బొంకుతున్నాననుకుంటాడని నేనూ చెప్పలా. హెడ్‌మిస్ట్రెస్ అయినరోజు తల మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి పెడతా కూడా మనసులో అదే ఉందేమోనని నా ఏడుపు నేను ఏడ్చా. నాకొద్దు నీ సారీ. అదేదో ఆయనకి చెప్పు."

ఆయన పేరు మస్తాన్‌గారు. దూది ఏకి పరుపులు కుట్టేవారు. ఎనభై దాటాయి. వసారాలో మంచం మీద కూర్చుని సూదిలోకి దారం ఎక్కిస్తున్నారు. కాశింబీ గుమ్మంలో నిలబడి, "నాయనా, ఈమె గుంటూర్లో నాతో చదివింది. నీకేదో చెప్పాలంట," అంది.

నేల మీద కూర్చుని మొత్తం చెప్పాను. పెట్టెలోంచి తీసింది నేను, నావని చెప్పింది నేను, మీ అమ్మాయిని అంటుంటే ఊరుకుంది నేను. అప్పటిదాకా ఎవరికీ చెప్పని ఇంకొకటి కూడా చెప్పాను. పత్తిగింజ నుంచి పరుపు దాకా చూపించే బొమ్మలవి. నాలుగో దాంట్లో దూది ఏకే మనిషి ఎడమచేత్తో కొయ్య పట్టుకుని విల్లు మీద కొడుతుంటాడు. మాస్టారు ఎడమచెయ్యేమిటని నవ్వితే, "సారీ సార్, పొరపాటున వేశాను," అన్నాను. ఆ రోజు నేను సారీ చెప్పింది ఆ ఒక్కదానికే.

మస్తాన్‌గారు సూది పక్కన పెట్టారు. ఆ సూది పట్టింది ఎడమచేత్తోనే.

"పొరపాటు కాదమ్మా, అది నేనే," అన్నారు. "ఈ చుట్టుపక్కల ఎడంచేత్తో ఏకేవాణ్ణి నేనొక్కణ్ణే. వాళ్ళమ్మ నన్ను ఎక్కిరించేది కూడా."

కాశింబీ ముందుకొచ్చింది. "నువ్వా బొమ్మ ఎప్పుడు జూశావు నాయనా? నువ్వు వచ్చేసరికి అంతా అయిపోయిందిగా."

"మొదట్నించీ వెనక కిటికీ దగ్గరే ఉన్నా. నువ్వు బొమ్మ ఎత్తి చూపిస్తన్నావు, నేను కనపడ్డా అందులో. నన్ను జూడని పిల్ల నన్నెట్టా గీస్తది? అప్పుడే తెలిసింది, ఎవరివో."

"మరి చెప్పలేదే?"

"నువ్వు చెప్పలా గదమ్మా. స్నేహితురాలి పేరు నువ్వే కాసుకుంటన్నావు, మధ్యలో నేనెవర్నని ఊరుకున్నా."

"బస్సులో ఒక్క మాటన్నా మాట్లాడలేదే."

"మాట్లాడితే నువ్వు ఏడుస్తావని."

కాశింబీ ఉన్నచోటే కూలబడింది. యాభైకి దగ్గరపడుతున్న హెడ్‌మిస్ట్రెస్, తండ్రి మోకాలు పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. "నువ్వు దొంగననుకుంటన్నావనుకున్నా నాయనా ఇన్నేళ్ళూ."

"నువ్వట్టా అనుకుంటన్నావని నాకేం తెలుసమ్మా," అన్నారు ఆయన. ఆమె తల నిమురుతూ ఉండిపోయారు. నేను అక్కడ ఉండాలో లేచిపోవాలో తెలియక, కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. నాలుగు ఇంగ్లీషు వాక్యాలతో తేలిపోతుందనుకుని బయల్దేరినదానికి బుద్ధొచ్చింది.

కాసేపయ్యాక మస్తాన్‌గారు నా వైపు తిరిగారు. "ఈ ముక్క చెప్పటానికి అంత దూరం నుంచి వచ్చావా తల్లీ? ఒక కార్డు రాస్తే పోయేదిగా."

"రాసుంటే చించి పొయ్యిలో పెట్టేదాన్ని," అంది కాశింబీ, ముక్కు తుడుచుకుంటూ. లేచి లోపలికి పోతూ గుమ్మంలో ఆగింది. "లెగువే. చేతులు కడుక్కో. సంగటి, కోడిపులుసు ఉన్నాయి. నా కోపమేం పోలా, చెప్తన్నా. రెండ్రోజులుండు, తిట్టాల్సింది చాలా ఉంది."

నాలుగు రోజులున్నాను.